యుద్ధం కూలికి పిలిస్తే
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

విదేశీ ఉద్యోగాల పేరుతో యుద్ధభూములకు చేరుతున్నవాళ్ల గురించి ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. ఇచ్ఛాపురం నుంచి ఎస్.కోట దాకా ఉత్తరాలు వచ్చాయి. వలస కార్మికుల కేసులు చూసే న్యాయవాదులు, హక్కుల సంఘాల్లో పనిచేసేవాళ్లు కలిసి జవాబులు రాశారు. ఎవరి పేర్లూ వేయలేదు, ఊళ్లు మాత్రమే ఇచ్చాం.

*

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐ ఫిట్టరు. రెండేళ్లు ఖతార్‌లో చేసి వచ్చాడు. ఇప్పుడు ఒకాయన రష్యాలో ‘ఆర్మీ హెల్పరు’ పని ఉందంటున్నాడు. గోడౌన్లో సామాన్లు మోసే పనేనట, తుపాకీ ముట్టుకోనక్కర్లేదట, నెలకి లక్షా ఎనభై వేలట. మూడు లక్షలు కట్టమంటున్నాడు. మా గుంటడు పాస్‌పోర్టు అప్పుడే ఇచ్చేసినాడు. అమ్మ జీడితోట తాకట్టు పెడతానంటంది. పంపొచ్చా? (మందస మండలం)

జవాబు: పంపకండమ్మా. తోట కాగితాలు బయటికి తీయకండి. పాస్‌పోర్టు ఈ వారంలోనే వెనక్కి తెప్పించండి.

‘హెల్పరు’ అన్న మాటలోనే మోసమంతా ఉంది. 2023 చివర్లో, 2024 మొదట్లో తెలంగాణ, కర్ణాటక, గుజరాత్, పంజాబ్, కేరళల నుంచి వెళ్లిన కుర్రాళ్లకు చెప్పిందీ ఇదే. వంటపని అన్నారు, గోడౌను పని అన్నారు, సెక్యూరిటీ అన్నారు. అక్కడ దిగాక రష్యన్ భాషలో ఉన్న కాగితం ముందు పెట్టారు. అది సైన్యంలో చేరుతున్నట్టు ఒప్పందం. దానిమీద సంతకం పడితే ఇక హెల్పరు లేడు, సైనికుడే. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడాలి, కాదంటే అక్కడి సైనిక చట్టం వర్తిస్తుంది. కొందరిని కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి ఉక్రెయిన్ యుద్ధరంగానికి తోలారు.

ఏజెంటు ‘ఏడాదే’ అంటాడు. కాగితంలోనూ ఏడాది అనే ఉండొచ్చు. కానీ 2022 సెప్టెంబర్ 21న రష్యా అధ్యక్షుడు జారీచేసిన సమీకరణ (యుద్ధం కోసం జనాన్ని సైన్యంలోకి పిలిచే) ఉత్తర్వు ప్రకారం, ఆ సమీకరణ ముగిసిందని ప్రకటించేదాకా సైనిక ఒప్పందాలు అమల్లోనే ఉంటాయి. ఏడాది నిండిందని పెట్టె సర్దుకుని వచ్చేయడం కుదరదు. 2025 జనవరి 17న మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క చూడండి. అప్పటికి తెలిసిన 126 మందిలో 96 మంది తిరిగొచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ తెలియదని రష్యా చెప్పింది. భారతీయులను చేర్చుకోవడం 2024 ఏప్రిల్ నుంచి ఆపేశామని రష్యా రాయబార కార్యాలయం ప్రకటించింది. అయినా 2025 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం మళ్లీ హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది.

పది పాసవనివాళ్లు ఖతార్ లాంటి దేశానికి వెళ్తే ఎవరో ఒకరు కాగితాలు చూస్తారు. రష్యాకు వెళ్లేటప్పుడు ఎవరూ చూడరు. పది పాసవనివాళ్లకు ‘ఎమిగ్రేషన్ క్లియరెన్స్’, అంటే వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి, తప్పనిసరైన దేశాలు 18. గల్ఫ్ దేశాలు, ఇరాక్, లిబియా, యెమెన్, సూడాన్ వంటివి అందులో ఉన్నాయి గానీ రష్యా లేదు. పైగా మీవాడు పది పాసయ్యాడు కాబట్టి ఏ దేశానికీ ఆ గేటు అడ్డం రాదు. టూరిస్టు వీసా మీద విమానం ఎక్కిస్తే ఆపే అధికారి ఉండడు. అందుకే ఆ చూసే పని ఇంట్లోనే జరగాలి.

ఏజెంటును మొదట అడగాల్సింది అతని ఆర్‌సీ నంబరు, అంటే విదేశాంగ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు. ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంది, లైసెన్సు లేదని ఫిర్యాదులొచ్చినవాళ్ల జాబితా కూడా ఉంది. రెండూ చూడండి. ‘లైసెన్సు మా ముంబయి సారుది, నేను ఆయన మనిషిని’ అంటే నమ్మొద్దు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో సబ్ ఏజెంటు అనే పదవే లేదు. లైసెన్సున్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 35,400కి మించి పుచ్చుకోకూడదు, పుచ్చుకున్నదానికి రసీదు ఇవ్వాలి. మూడు లక్షలు అడిగాడంటేనే అతను చట్టం బయట ఉన్నట్టు.

పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి, ఏజెంటు దాన్ని పట్టుకుని కూర్చోడానికి వీల్లేదు. ‘ఫలానా తేదీన నా పాస్‌పోర్టు నంబరు ఇంత మీకిచ్చాను, ఫలానా తేదీలోగా తిరిగివ్వండి’ అని మీ తమ్ముడి ఫోన్ నుంచే వాట్సాప్ పెట్టించండి. ఫోన్లో మాట్లాడితే ఆధారం మిగలదు. ఇవ్వకపోతే ఆ మెసేజీ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి.

*

ప్రశ్న: మా పెద్దోడు చెన్నై మీదుగా రష్యా వెళ్లాడు. సెక్యూరిటీ పనన్నారు. అడవిలో టెంటుల ఫోటోలు రెండు పంపాడు. ‘నాన్నా, ఇక్కడ పని వేరేలాగుంది’ అని వాయిస్ మెసేజీ పెట్టాడు. అది వచ్చి 22 రోజులైంది. ఫోను కలవడం లేదు. ఏజెంటు సిగ్నల్ లేదంటున్నాడు. ఏటి సెయ్యాలో తెలియడం లేదు. (చీపురుపల్లి)

జవాబు: ముందు ఏజెంటుతో గొడవ పడకండి. అతను భయపడితే మెసేజీలు చెరిపేస్తాడు, నంబరు మారుస్తాడు. మీ ఫోన్లో ఉన్నదంతా ఇవాళే భద్రం చేయండి. అబ్బాయితో, ఏజెంటుతో నడిచిన చాటింగు మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో ఫోన్లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టండి. తేదీ, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ టెంటుల ఫోటోలను కత్తిరించొద్దు, రంగులు దిద్దొద్దు. ఎవరికైనా పంపితే ‘డాక్యుమెంటు’గా పంపండి, మామూలు ఫోటోగా పంపితే నాణ్యత తగ్గి చిన్న అక్షరాలు చదవడానికి రావు. పెద్ద తెర మీద వేసి వెనకాల ఉన్నవి చూడండి: బండి నంబరు, గోడ మీద రాత, చొక్కా మీద గుర్తు, మెడలో బిళ్ల. ఎక్కడున్నాడో చెప్పేవి ఇవే.

తర్వాత ఒకే ఒక్క పేజీ రాయండి. పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, విమానం ఎక్కిన తేదీ, వీసా రకం, ఏజెంటు పేరు, నంబర్లు, చివరిసారి మాట్లాడిన తేదీ, చివరి మాటలు, ఫోటోల్లో కనిపించిన గుర్తులు, మీరు కోరేది. అన్ని చోట్లకూ ఇదే పేజీ వెళ్లాలి. ఒక కార్యాలయానికి ఒక తేదీ, ఇంకో కార్యాలయానికి ఇంకో తేదీ రాసిచ్చి, ఆ తేడా తేలేదాకా ఫైలు ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి.

ఆ పేజీతో విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయండి. వచ్చే నంబరు పోగొట్టుకోకండి, తర్వాత ఎవరితో మాట్లాడినా ముందు అదే అడుగుతారు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-3090. మాస్కోలోని మన రాయబార కార్యాలయానికి ఈమెయిల్, రాష్ట్ర ప్రభుత్వ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీఎస్‌కు ఒక కాపీ పంపండి. సోమవారం విజయనగరం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

పోలీసు ఫిర్యాదు దగ్గరే చాలామంది పని చెడుతోంది. ‘మా అబ్బాయి కనిపించడం లేదు’ అని రాసిస్తే అది మిస్సింగ్ కేసుగా నమోదై అక్కడే ఉండిపోతుంది. ‘ఫలానా వ్యక్తి ఉద్యోగమని మోసగించి, ఇంత డబ్బు తీసుకుని, లైసెన్సు లేకుండా విదేశానికి పంపి, బలవంతపు పనిలోకి నెట్టాడు’ అని రాయండి. అప్పుడది భారతీయ న్యాయ సంహితలో 143 (మనుషుల అక్రమ రవాణా), 318(4) (మోసం), ఎమిగ్రేషన్ చట్టంలో 10, 24 సెక్షన్ల కిందికి వస్తుంది. అక్రమ రవాణాకు కనీస శిక్ష ఏడేళ్లు, ఒకరికంటే ఎక్కువమందిని పంపి ఉంటే పదేళ్ల నుంచి యావజ్జీవం. ఎమిగ్రేషన్ చట్టం కింద మాత్రం గరిష్ఠంగా రెండేళ్ల జైలు, రెండు వేల జరిమానా. లక్షలు గుంజినవాడికి రెండు వేలు. ఆ చట్టాన్ని మార్చాలని హక్కుల సంఘాలు అడగాల్సిన మొదటి కారణం ఇదే. ఆలోగా 143 సెక్షన్ పడేలా పట్టుబట్టండి.

‘ఈ చట్టం కింద కేసు పెట్టాలంటే ఢిల్లీ అనుమతి కావాలి’ అని కొందరు ఎస్సైలు తిప్పి పంపుతారు. వెళ్లినవాడు గానీ, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు గానీ ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అవసరం లేదని 27వ సెక్షన్‌లోనే ఉంది. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా రాసేది) రాయమనండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ రాయకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు. న్యాయవాదికి డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, నంబరు 15100. అక్రమ రవాణా బాధితులకు, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఫిర్యాదు తల్లి పేరుమీద ఇస్తే ఆ సంగతి సులువవుతుంది.

రెడ్‌క్రాస్ అంటే మన జిల్లాల్లో రక్తం ఇచ్చే చోటు అనే తెలుసు. యుద్ధంలో విడిపోయినవాళ్లను వెతకడం దాని పాత పని. జిల్లా శాఖలో ‘కుటుంబ సంబంధాల పునరుద్ధరణ’ దరఖాస్తు అడగండి. అది ఢిల్లీ మీదుగా అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వెతుకులాట విభాగానికి వెళ్తుంది. మీవాడు అవతలి సైన్యానికి దొరికి ఉంటే యుద్ధఖైదీ అవుతాడు. మూడో జెనీవా ఒప్పందం ప్రకారం, ఖైదీల శిబిరానికి చేరిన వారంలోగా ఇంటికి ‘క్యాప్చర్ కార్డు’, అంటే పట్టుబడ్డానని తెలిపే కార్డు, రాసే అవకాశం ఇవ్వాలి. విచారణలో అతను చెప్పాల్సింది పేరు, హోదా, పుట్టిన తేదీ, నంబరు. అంతే.

చెప్పడానికి నోరు రాని మాట ఒకటుంది, అయినా చెప్పాలి. శరీరం మీద గుర్తులు, దంతవైద్యుడి ఎక్స్‌రే, పాత విరుగుళ్ల రిపోర్టులు ఒక కవరులో పెట్టండి. డీఎన్ఏ నమూనా అడిగితే ‘అంటే పోయాడనేనా’ అని వెనక్కి తగ్గకండి. 2014లో ఇరాక్‌లోని మోసుల్‌లో అపహరణకు గురైన 39 మంది మన కార్మికుల సంగతి 2018 మార్చిలో గానీ తేలలేదు. సామూహిక సమాధిలో దొరికిన పొడవాటి జుట్టు, చేతి కడియాలు, ఇరాక్‌వి కాని బూట్లు దారి చూపాయి. ఇళ్లవాళ్లు ఇచ్చిన నమూనాలు ఎవరు ఎవరో చెప్పాయి. అలాగని ఆశ వదులుకోవద్దు. లిబియాలో 2020 సెప్టెంబర్ 14న ఎత్తుకుపోయిన ఏడుగురు భారతీయులు, వాళ్లలో ఆంధ్రావాళ్లూ ఉన్నారు, నెల తిరగకుండానే అక్టోబర్ 11న విడుదలయ్యారు.

*

ప్రశ్న: హవల్దారుగా 17 ఏళ్లు చేసి పింఛను మీద వచ్చాను. ఓడల మీద సాయుధ గార్డుగా గానీ, ఇరాక్ ఆయిల్ సైటులో గానీ ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ అంటోంది. మాజీ సైనికులకు ఇందులో ఏమిటి ఇబ్బంది? (గజపతినగరం)

జవాబు: హవల్దార్ గారూ, ఓడను దొంగల నుంచి కాపాడటం నేరం కాదు. ఇబ్బందల్లా మీ చేతిలోని తుపాకీకి కాగితం ఎవరిది అన్న దగ్గర వస్తుంది. పటాలంలో ఆయుధానికి జవాబుదారీ మీ వెనకున్న ప్రభుత్వం. కంపెనీలో అయితే సంతకం చేసినవాడు ఒకడు, ఓడ జెండా ఇంకో దేశానిది, ఆయుధాల లైసెన్సు మూడో దేశానిది. ఏదైనా తేడా వస్తే జైలులో కూర్చునేది మీరు.

2013 అక్టోబర్‌లో తూత్తుకుడి దగ్గర ‘సీమన్ గార్డ్ ఒహాయో’ అనే ఓడను మన కోస్టుగార్డు పట్టుకుంది. ఓడ సియెర్రా లియోన్ జెండాది, కంపెనీ అమెరికాది, లోపల 35 మంది. వాళ్లలో మాజీ బ్రిటిష్ సైనికులు, ఎస్టోనియా వాళ్లు, ఉక్రెయిన్ వాళ్లు, భారతీయులు ఉన్నారు. అనుమతి లేని ఆయుధాలని కేసు. 2016 జనవరిలో ఐదేళ్ల శిక్ష పడింది, 2017 నవంబర్‌లో మద్రాసు హైకోర్టు నిర్దోషులని వదిలింది. ఆ నాలుగేళ్లూ వాళ్ల కోసం తిరిగింది ఇళ్లవాళ్లు, నావికుల సేవాసంస్థలు.

కాబట్టి ఆ కంపెనీని ఇవి అడగండి. భారత కంపెనీ అయితే 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 4వ సెక్షన్ కింద విదేశంలో గార్డులను పెట్టడానికి అనుమతి ఉందా? కేంద్రాన్ని సంప్రదించాకే రాష్ట్ర నియంత్రణాధికారి అది ఇవ్వాలి. మామూలు లైసెన్సు చూపించి అదే ఇదంటారు, రెండూ వేరు. విదేశీ కంపెనీ అయితే ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీల నడవడిని చూసే, జెనీవాలోని ‘ఐకోకా’ సంఘంలో సభ్యత్వం ఉందా? సభ్యుల జాబితా బహిరంగమే, సభ్య కంపెనీ మీద అక్కడ ఫిర్యాదు కూడా చేయొచ్చు. మీరు పట్టుకునే ఆయుధం సీరియల్ నంబరు ఏ లైసెన్సులో ఉంది? జైలుపాలైతే లాయరు ఖర్చు, జీతం ఎవరిస్తారు? ఈ నాలుగూ కాగితం మీద ఇవ్వకపోతే వెళ్లకండి. ఇరాక్ అయితే కంచె లోపలి కాపలా, కాన్వాయ్ కాపలా ఒకటి కావు. ఒప్పందంలో ‘కంపెనీ అవసరాన్ని బట్టి ఇతర విధులు’ అనే వాక్యం ఉంటే కొట్టించండి. మిమ్మల్ని గేటు దగ్గర నుంచి కాన్వాయ్‌లోకి ఎక్కించేది ఆ వాక్యమే.

ఇంకో సంగతి కూడా తెలియాలి. సైన్యం వెంట వెళ్లే వంటవాళ్లు, సరుకులు చేరవేసేవాళ్లు పట్టుబడితే యుద్ధఖైదీల రక్షణ ఉంది, మూడో జెనీవా ఒప్పందం 4వ అధికరణంలో రాసే ఉంది. అందుకు ఆ సైన్యం ఇచ్చిన గుర్తింపు కార్డు ఉండాలి. కంపెనీ బ్యాడ్జి ఆ కార్డు కాదు. తుపాకీ పట్టి పోరులో దిగిన ప్రైవేటు గార్డుకు ఆ రక్షణ దొరుకుతుందన్న భరోసా లేదు.

*

ప్రశ్న: నేను ఎచ్చెర్లలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. ప్రైవేటు సైనిక కంపెనీలవాళ్లు నేరం చేస్తే నిజంగా ఎప్పుడైనా శిక్ష పడిందా? వాళ్లను ‘కిరాయి సైనికులు’ అని చట్టం ఎందుకు అనదు?

జవాబు: రెండో ప్రశ్న ముందు. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్ 47వ అధికరణంలో కిరాయి సైనికుడికి ఆరు లక్షణాలు చెప్పారు: పోరాడటానికే ప్రత్యేకంగా నియమించబడటం, నేరుగా పోరులో పాల్గొనడం, అదే హోదా సైనికుడికంటే బాగా ఎక్కువ సొమ్ముకోసం రావడం, పోరాడే దేశాల పౌరుడో నివాసో కాకపోవడం, ఆ సైన్యాల్లో సభ్యుడు కాకపోవడం, వేరే ప్రభుత్వం అధికారికంగా పంపినవాడు కాకపోవడం. ఆరూ ఒకేసారి ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ పేరు అతకదు. కంపెనీ ‘మావాళ్లు కాపలా మాత్రమే’ అంటే రెండోది పోయింది. సైన్యం తన పట్టీలో పేరు రాసుకుంటే ఐదోది పోయింది. రష్యా సైనిక ఒప్పందం మీద సంతకం పెట్టిన మనవాళ్లు కూడా అందుకే చట్టం దృష్టిలో కిరాయి సైనికులు కారు, పట్టుబడితే యుద్ధఖైదీలు. వాళ్లను ఆ మాటతో పిలిచే విలేకరులు ఇది గమనించాలి. 47వ అధికరణం కిరాయి సైనికుడికి యుద్ధఖైదీ హోదా హక్కు లేదంటుంది, ఒక మాట వల్ల ఒక మనిషి రక్షణ పోగలదు. ఐక్యరాజ్యసమితి 1989లో తెచ్చిన ఒడంబడిక కిరాయి సైనికుల నియామకాన్నే నేరమంది. 22 దేశాలు చేరి అది అమల్లోకి రావడానికి 2001 అక్టోబర్ దాకా పట్టింది. ప్రైవేటు సైనిక కంపెనీల గురించిన 2008 మాంట్రూ పత్రం మంచి పద్ధతులు చెబుతుంది గానీ ఎవరినీ కట్టడి చేయదు.

ఇక శిక్షలు. 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ అనే అమెరికా ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ గార్డులు కాల్పులు జరిపి 17 మంది ఇరాక్ పౌరుల ప్రాణాలు తీశారు. ఇరాక్ కోర్టులు వాళ్లను ముట్టుకోలేకపోయాయి, ఎందుకంటే 2004లో అమెరికా ఆక్రమణ పాలకులు ఇచ్చిన 17వ ఉత్తర్వు కాంట్రాక్టర్లను స్థానిక చట్టం నుంచి తప్పించింది. అమెరికాలో కేసు పెడితే 2009 డిసెంబర్ 31న కొట్టేశారు. కాల్పుల తర్వాత ఉద్యోగం పోతుందన్న బెదిరింపు మీద గార్డుల నుంచి తీసుకున్న వాంగ్మూలాలను ప్రాసిక్యూషన్ వాడుకుందని కారణం. న్యాయ విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన పాఠం అది. మొదట్లో వాంగ్మూలం తీసిన తీరు ఏళ్ల తర్వాతి తీర్పును తేల్చేస్తుంది. పై కోర్టు 2011లో కేసును బతికించింది, 2014 అక్టోబర్‌లో నలుగురు దోషులని జ్యూరీ తేల్చింది, 2020 డిసెంబర్ 22న అధ్యక్షుడు ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు.

ఇరాక్‌లో అమెరికా సైన్యం చేతిలో ఖైదీలు చిత్రహింసలు పడిన అబూ గ్రైబ్ జైలు కేసు ఇంకో దారి. అక్కడికి విచారణాధికారులను సరఫరా చేసిన సీఏసీఐ అనే అమెరికా కంపెనీ మీద 2008లో సివిల్ దావా పడింది. చివరిదాకా నిలిచిన ముగ్గురూ ఇరాకీలు: ఒక బడి హెడ్మాస్టరు, ఒక పళ్ల వ్యాపారి, ఒక విలేకరి. కంపెనీ పదహారేళ్లు పదేపదే కేసు కొట్టేయించే ప్రయత్నం చేసింది. 2024 నవంబర్‌లో వర్జీనియా జ్యూరీ 4 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించమంది. న్యూయార్క్‌లోని ఒక హక్కుల సంస్థ న్యాయవాదులు అన్నేళ్లూ వదలకపోవడం వల్లే అది సాధ్యమైంది. ఆఫ్రికాలోని మాలీ దేశంలో మౌరా అనే ఊళ్లో 2022 మార్చిలో సైన్యం, విదేశీ సాయుధులు కలిసి కనీసం 500 మందిని చంపారని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2023 మేలో నివేదిక ఇచ్చింది. అధికారులు ఆ ఊరికి వెళ్లనివ్వకపోతే సాక్షులతో మాట్లాడి, ఉపగ్రహ చిత్రాలు చూసి రాశారు.

కంపెనీ సైన్యం అంటే కొత్త సంగతని మన ప్రాంతంవాళ్లు అనుకోనక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడిన ఫిరంగులు ఫ్రెంచి వర్తక కంపెనీ సేనలవి. 1794 జూలై 10న పద్మనాభంలో విజయరామరాజును చంపింది ఇంగ్లీషు వర్తక కంపెనీ సేన. లాభనష్టాల పద్దు రాసుకునే సంస్థ చేతికి తుపాకులిస్తే ఏమవుతుందో మన నేల మీదే జరిగింది.

*

ప్రశ్న: మా ఆయన కువైట్ కంపెనీ తరఫున ఇరాక్‌లో అమెరికా సైనిక శిబిరంలో వంట చేసేవారు. ఏడు నెలల కిందట అక్కడే పోయారు. కంపెనీ ఐదు లక్షలు పంపి, ఇంక ఏ బాకీ లేదని సంతకం పెట్టించుకుంది. ఇద్దరు ఆడపిల్లలు. (వజ్రపుకొత్తూరు మండలం)

జవాబు: అమ్మా, ఆ సంతకంతో మీ హక్కు పోలేదు. అమెరికా సైనిక శిబిరాల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లకు 1941 నాటి ‘డిఫెన్స్ బేస్ యాక్ట్’ వర్తిస్తుంది. ఏ దేశస్థుడైనా, సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసినా సరే, యజమాని బీమా చేయించి ఉండాలి. అమెరికా కార్మిక శాఖ గానీ జడ్జి గానీ ఆమోదించని రాజీ చెల్లదు. యజమాని తప్పు ఉందని మీరు రుజువు చేయనక్కర్లేదు. ప్రమాదకరమైన చోట ఉండటం వల్ల వచ్చిన మరణమైతే, డ్యూటీ లేని వేళ జరిగినా కొన్నిసార్లు ఆ చట్టం కిందికి వస్తుంది.

గడువు ఏడాది. మీకింకా ఐదు నెలలుంది, ఆలస్యం చేయకండి. (యజమాని మరణ నివేదికను కార్మిక శాఖకు పంపకపోతే ఆ గడువు మొదలే కాదు. కానీ దానిమీద ఆధారపడొద్దు.) మరణ పరిహారం దరఖాస్తు పేరు ఎల్ఎస్-262. పెళ్లి సర్టిఫికెట్, పిల్లల జనన పత్రాలు, రాయబార కార్యాలయం నమోదు చేసిన మరణ పత్రం, జీతం జమైన బ్యాంకు పుస్తకం జతచేయాలి. ఆయన మెడలో బ్యాడ్జి వేసుకున్న ఫోటో ఏదైనా ఉంటే వెతకండి. పైనున్న అమెరికా కాంట్రాక్టరు పేరు చాలాసార్లు దానిమీదే ఉంటుంది, బీమా కంపెనీ ఎవరో అక్కడి నుంచి తెలుస్తుంది.

భార్యకూ పిల్లలకూ కలిపి సగటు వారం జీతంలో మూడింట రెండు వంతులు, అంత్యక్రియలకు 3,000 డాలర్ల దాకా ఇస్తారు. విదేశీ కుటుంబాలకు నెలనెలా ఇచ్చే బదులు ఆ మొత్తంలో సగం లెక్కగట్టి ఒకేసారి ఇచ్చి వదిలించుకునే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. అది అన్యాయమని మా అభిప్రాయం, అయినా ముందే తెలిసి ఉండాలి. ‘వచ్చినదాంట్లో సగం మాకు’ అనే మధ్యవర్తి వస్తే దగ్గరికి రానివ్వకండి. ఈ కేసుల్లో లాయరు ఫీజును అక్కడి అధికారి ఆమోదించాలి, ఆమోదం లేకుండా మీ దగ్గర తీసుకోవడం నేరం.

*

ప్రశ్న: మా యువజన సంఘం తరఫున కొవ్వొత్తుల ప్రదర్శన చేశాం. ఇంకేం చేయొచ్చు? (పలాస)

జవాబు: ఊరికో పొడుగు నోటుపుస్తకం పెట్టండి. విదేశం వెళ్తున్న ప్రతివాడి పేరు, పాస్‌పోర్టు నంబరు, ఏజెంటు పేరు, ఫోను, యజమాని, వీసా రకం, విమానం తేదీ, ఇంట్లో ఒకరి నంబరు రాయాలి. ఒప్పందం ఫోటో తీసి ఉంచాలి. పైన చీపురుపల్లి తండ్రికి రాసిన ఆ ఒక్క పేజీ, ఇది ఉంటే పది నిమిషాల్లో తయారవుతుంది. పుస్తకం ఒకరి దగ్గర తాళంలో ఉండాలి. ఫోటో తీసి గ్రూపులో పెట్టొద్దు, పాస్‌పోర్టు నంబర్లు ఏజెంట్లకే పనికొస్తాయి. సచివాలయం మహిళా పోలీసుకు పుస్తకం ఉందని తెలియజేస్తే చాలు.

పోస్టరు మీద పెద్ద వ్యాసం వద్దు. ‘చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకు. 35,400 మించి అడిగినవాడు దొంగ ఏజెంటు. 1800-11-3090.’ ఇంతే. ఐటీఐ గేట్లు, వెల్డింగ్ ట్రైనింగ్ సెంటర్లు, పాస్‌పోర్టు ఫారాలు నింపే నెట్ సెంటర్ల దగ్గర, యజమానిని అడిగి అంటించండి.

సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలు, విదేశాంగ శాఖకు ఆన్‌లైన్లోనే వేయొచ్చు. ‘ఎంతమంది చనిపోయారో పేర్లతో చెప్పండి’ అంటే వ్యక్తిగత సమాచారమని తిరగ్గొడతారు. సంఖ్యలు అడగండి: ‘1-1-2023 నుంచి నేటివరకు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అనధికార ఏజెంట్లపై వచ్చిన ఫిర్యాదులెన్ని? రాష్ట్ర పోలీసులకు పంపినవెన్ని? ప్రాసిక్యూషన్‌కు అనుమతి ఇచ్చినవెన్ని? ఏడాదివారీగా ఇవ్వగలరు.’ ఇలాంటిదే ఎస్పీ కార్యాలయానికి వేస్తే రెండు లెక్కల మధ్య తేడా బయటపడుతుంది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఒక మనిషి ప్రాణం, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో. ఆ మాట దరఖాస్తు మొదటి వరుసలోనే రాయాలి. అదే ప్రశ్నను మూడు వాక్యాల్లో ఎంపీకి ఇవ్వండి. లోక్‌సభలో ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి, సమావేశాలు మొదలయ్యాక ఇస్తే చాలావరకు వృథా.

చెరలో ఉన్నవాళ్ల వీడియోలు వస్తే పంచకండి. యుద్ధఖైదీని జనం చూపులకు ప్రదర్శించకూడదని జెనీవా ఒప్పందం 13వ అధికరణం. ఆ వీడియోలో అతను మాట్లాడేది తన మాటో, పక్కనున్నవాడు చెప్పించిందో మనకు తెలియదు. రేపు ఏ సైన్యం చేతిలోకి మారినా అదే అతని మీదికి వస్తుంది. ఇంటివాళ్లకు, ఎంబసీకి, ఐరాస కిరాయి సైనికుల వర్కింగ్ గ్రూపుకు మాత్రం పంపండి. 2005లో ఏర్పడిన ఈ ఐదుగురు నిపుణుల బృందానికి ఎవరైనా రాయొచ్చు, ఇక్కడి కోర్టుల్లో తేలేదాకా ఆగనక్కర్లేదు. ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు అన్నవి ఇంగ్లీషులో రాసి, కుటుంబం ఒప్పుకుందని రాతపూర్వకంగా జోడించండి.

*

ప్రశ్న: యుద్ధం వద్దంటే దేశద్రోహం అంటున్నారు. కేసు పెడతారా? (రాజాం)

జవాబు: శాంతియుతంగా మాట్లాడటం, గుమిగూడటం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కులు. అంతర్జాతీయ శాంతికి పాటుపడమని 51వ అధికరణం ప్రభుత్వానికే చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో 11 పెద్ద రేవుల్లో 3,500 మంది సభ్యులున్న జల రవాణా కార్మికుల సమాఖ్య, ఇజ్రాయెల్‌కు వెళ్లే ఆయుధాల సరుకు ఎత్తబోమని బహిరంగంగా ప్రకటించింది. ఆ ఆయుధాల ఎగుమతులు ఆపాలని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. విదేశాంగ విధానంలో జోక్యం చేసుకోలేమని 2024 సెప్టెంబర్ 9న కోర్టు కొట్టేసింది గానీ, అడగడమే తప్పని అనలేదు. ఊరేగింపు చేసేటప్పుడు మాత్రం ముందురోజైనా స్టేషన్లో రాతపూర్వకంగా తెలిపి, రసీదు కాపీ జేబులో పెట్టుకోండి. ఊరేగింపులకు అనుమతి తీసుకోమనే పోలీసు యాక్టు 30వ సెక్షన్ అమల్లో ఉందేమో అప్పుడే అడగండి. ఎక్కువ కేసులు నినాదం మీద కాదు, అనుమతి కాగితం మీదే పడుతున్నాయి.

*

ప్రశ్న: ఏజెంటుకు కట్టిన డబ్బు తిరిగొస్తుందా? (నెల్లిమర్ల)

జవాబు: ఫోన్‌పే, బ్యాంకు ద్వారా కట్టి కొద్ది గంటలే అయితే వెంటనే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి, అవతలి ఖాతాలో సొమ్ము కదలకుండా ఆపగలరు. రోజులు గడిచాక కష్టం, అప్పుడు ఎఫ్ఐఆర్‌లో ప్రతి చెల్లింపు యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, తేదీ, ఖాతా పేరు విడివిడిగా రాయించండి. నగదు ఇచ్చి ఉంటే ఆ రోజు బ్యాంకు నుంచి తీసిన ఎంట్రీ, తాకట్టు చీటీ, పక్కనున్న ఇద్దరి సాక్ష్యం పనికొస్తాయి. ‘కేసు వెనక్కి తీసుకుంటే సగం ఇస్తా’ అని ఏజెంటు వస్తే ఆ మాట ఫోన్లో రికార్డు చేసి దర్యాప్తు అధికారికి ఇవ్వండి. మీ అబ్బాయి ఇంకా అక్కడే ఉంటే, అతను ఇల్లు చేరేదాకా ఏ రాజీ కాగితం మీదా సంతకం పెట్టకండి.